విషము సోకిన నేల - పంచాయతీల బాధ్యత

ఊరి పొలిమేరలో పదిపదిహేనేండ్ల క్రిందట మూతపడిన కర్మాగార మొకటి ఉన్నదనుకొందము. పైకప్పు రేకులు ఊడిపోయినవి. యంత్రములను పాత ఇనుము క్రింద అమ్మివేసిరి. ఆవరణమంతయు తుమ్మచెట్లు మొలచినవి. ఒకనాడు యజమాని పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, “ఈ నాలుగెకరముల స్థలమును ఊరికి ఉచితముగా ఇచ్చెదను. బడి కట్టుకొనుడు, పేదలకు ఇండ్ల స్థలములుగా పంచుకొనుడు” అని చెప్పును. రోడ్డు ప్రక్కనున్న స్థలము, విలువైన భూమి. సర్పంచిగారును, వార్డు సభ్యులును ఏమి చేయవలెను?

సంతోషముతో తీర్మానము వ్రాసి పుచ్చుకొనుట సులభమే. కాని సంతకములు చేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న కలదు: ఆ కర్మాగారములో ఏమి తయారుచేసెడివారు? దాని వ్యర్థములు ఎక్కడికి పోయినవి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకనిచో ఆ దానము ఊరికి భారమై కూర్చుండవచ్చును. ఇట్టి నేలను పరీక్షించుట యెట్లు, బాగుచేయుట యెట్లు, అందు పంచాయతీ వంతు ఎంత అను విషయములను మేము ఈ పాఠమున వివరింపదలచితిమి.

నేల చెడుట యన నేమి?

మురుగు చేరిన నేలకును, విషము సోకిన నేలకును భేదము కలదు. పేడ, ఆకులు, ఇంటి మురుగు మొదలగునవి మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారము. కాలక్రమమున అవి మట్టిలో కలిసి ఎరువుగా మారును. సీసము, పాదరసము, క్రోమియము, ఆర్సెనిక్ వంటివి అట్లు కావు. అవి మూలపదార్థములు, వానిని విరిచి లేకుండ జేయగల సూక్ష్మజీవి లేదు. నేలలో పడినవి నేలలోనే ఉండును, లేదా వాననీటితో కలిసి క్రిందికి దిగి బావులకు చేరును. కొన్ని పురుగుమందులు, రసాయన ద్రావకములు విరిగిపోవునుగాని, అందుకు దశాబ్దములు పట్టును.

పెద్ద కర్మాగారములే ఇందుకు కారణమనుకొనుట పొరపాటు. పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించిన చోటు, తోళ్ళు శుద్ధిచేసిన చోటు, బట్టలకు రంగులద్దిన చోటు, పురుగుమందులు నిలువచేసిన గిడ్డంగి, భూమిలో ఇనుప తొట్లు పాతిన పాత పెట్రోలు బంకు, ఇవన్నియు అనుమానింపదగిన స్థలములే.

ఎంత కొంచెము విషము ఎంత నీటిని పాడుచేయగలదో చూడుడు. త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించిన హద్దు ప్రకారము, లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రాము మించరాదు. లెక్క కట్టినచో, ఒక్క గ్రాము సీసము నీటిలో పూర్తిగా కరిగినయెడల లక్ష లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్చును. ఒక మోటారు బ్యాటరీలో కిలోగ్రాముల కొలది సీసముండును. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. మట్టిలో ఆడుకొని చేతులు నోటబెట్టుకొనువారు వారే. నీటిని కాచి త్రాగినచో సూక్ష్మజీవులు చచ్చునుగాని సీసము పోదు. నీరు ఇగిరిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును.

ఇట్టి నేలను కంటితో చూచి కనిపెట్టలేము. పైన పచ్చగడ్డి మొలచును, పశువులు మేయును. లోపల నున్నది పరీక్షకుగాని తెలియదు.

బిచ్ఛరి గ్రామపు కథ

రాజస్థాన్ రాష్ట్రమున ఉదయపూరు జిల్లాలో బిచ్ఛరి అను గ్రామము కలదు. 1988 ప్రాంతమున ఆ గ్రామ సమీపమున హెచ్-ఆమ్లము అను పదార్థమును తయారుచేయ నారంభించిరి. అది రంగుల తయారీకి ఉపయోగపడునది. దానిని టన్నుల లెక్కన తయారుచేయగా, అంతకు ఎన్నో రెట్లు వ్యర్థజలమును, మడ్డియు మిగిలెను. అక్కడ తయారైన సరకు 375 టన్నులు కాగా, మిగిలిన మడ్డి 2,400 టన్నులకు పైబడెను. ఆ మడ్డిని ఆవరణలోనే ఆరుబయట గుట్టలు పోసిరి. వానలు కురిసినపుడు దానిలోని విషము నేలలోనికి దిగి, భూగర్భజలముతో కలిసి, చుట్టుప్రక్కల బావులకు ప్రాకెను.

బావులలోని నీరు నల్లబారెను. మనుష్యులు త్రాగుటకు, పశువులకు పెట్టుటకు, పొలములకు పారించుటకు కూడ పనికిరాకపోయెను. గ్రామస్థులు తిరుగబడిరి. జిల్లా అధికారులు నిషేధాజ్ఞలు విధింపవలసి వచ్చెను. 1989 జనవరిలో ఆ కర్మాగారము మూతపడెను. అనగా సరకు తయారైనది కొలది నెలలపాటు మాత్రమే. కాని మడ్డి అక్కడనే మిగిలెను.

ఆ సంవత్సరమే ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నిపుణులు కోర్టు ఆజ్ఞపై గ్రామమునకు వచ్చి మట్టిని, నీటిని పరీక్షించి నివేదికలు సమర్పించిరి. 1996 ఫిబ్రవరి 13వ తేదీన తీర్పు వెలువడెను. నేలను, నీటిని పాడుచేసినవాడే బాగుచేయుటకగు ఖర్చును భరింపవలెనని ఆ తీర్పు నిర్ణయించెను. దేశమందలి కలుషిత స్థలముల వ్యవహారములకు నేటికిని ఆ తీర్పే పునాది. దానిని అనుసరించి కేంద్ర పర్యావరణ శాఖ కట్టుమని కోరిన మొత్తము 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలు.

కాని తీర్పు వచ్చినంతనే బావులు బాగుపడలేదు. సొమ్ము చెల్లింపక, పిటిషను పైన పిటిషను వేయుచు కాలము గడపిరి. 2011 జూలైలో సుప్రీంకోర్టు, ఆ మొత్తముపై నూటికి 12 చొప్పున చక్రవడ్డీ కూడ చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. వ్యాజ్యము వేసిన నాటినుండి అప్పటికి ఇరువదిరెండేండ్లు గడచెను. నాడు పుట్టిన బిడ్డలు పెరిగి పెద్దవారైరి. కొలది నెలల తయారీ తెచ్చిన నష్టము ఇంతటిది. న్యాయము గ్రామపక్షమున నున్నను, పోయిన నీరు వెంటనే తిరిగి రాదు. కావున ఈ విషయమున వెనుకటి చికిత్సకంటె ముందటి జాగ్రత్త మేలు.

మన తెలుగు నేలపై కూడ ఇట్టి అనుభవము కలదు. 1970 దశాబ్దమునుండి పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతమున పరిశ్రమలు వెలసినవి. వాని వ్యర్థజలములు చెరువులలోనికిని, మంజీరానదిలో కలియు నక్కవాగులోనికిని చేరినవి. అక్కడి రైతుల కష్టము 1990లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను.

చెడిన నేలపై కట్టిన ఇండ్లు

బిచ్ఛరిలో విషము పొలములకును, బావులకును ప్రాకెను. అట్టి నేలపై ఇండ్లే కట్టినచో ఏమగును? ఇందుకు హాలండు దేశములోని లెక్కర్‌కెర్క్ అను గ్రామము సాక్ష్యము. అక్కడ 1970 దశాబ్దపు తొలి సంవత్సరములలో పల్లపు కాలువలను చెత్తతో పూడ్చి, చదునుచేసి, దానిపై క్రొత్త ఇండ్లు కట్టిరి. ఆ చెత్త క్రింద రంగుల పరిశ్రమల వ్యర్థములతో నిండిన పీపాలు కూడ ఉన్నవని కాపురము వచ్చినవారికి తెలియదు. ఆ ద్రావకములు త్రాగునీటి గొట్టములను సైతము తినివేసెను. 1980లో సుమారు 270 కుటుంబములవారు ఇండ్లు విడువవలసి వచ్చెను. ఇండ్ల క్రింది మట్టినంతయు త్రవ్వి తీయగా 1,600కు పైగా పీపాలు బయటపడినవి. దీని ఫలితముగా ఆ దేశమున నేల శుద్ధికై ప్రత్యేక చట్టము ఏర్పడి 1983లో అమలులోనికి వచ్చెను.

అక్కడ పూడ్చునాడే ఎవరైనను “ఈ మట్టి ఎక్కడిది? ఆ పీపాలలో ఏమున్నది?” అని అడిగియున్నచో అన్ని ఇండ్లు ఖాళీచేయవలసిన అగత్యము లేకపోయెడిది. గుంటలు పూడ్చుటకు, రోడ్లు ఎత్తుచేయుటకు ట్రాక్టర్లతో మట్టి తోలించు మన పంచాయతీలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

నిపుణులు చేయు పని

ఇల్లు కట్టుటకు ముందు మేస్త్రి పునాది గుంట త్రవ్వి నేల గట్టిదనము చూచును. అట్లే, అనుమానింపదగిన స్థలమును వాడుకొనుటకు ముందు దాని మంచిచెడ్డలు పరీక్షించి చెప్పు నిపుణులు కలరు. వారినే పర్యావరణ సలహాదారులందురు. వారి పని అంచెలంచెలుగా సాగును.

మొదటి అంచెలో పలుగు, పార ముట్టరు. పాత దస్తావేజులు, పరిశ్రమకిచ్చిన అనుమతులు, పటములు చదువుదురు. స్థలమంతయు కాలినడకన తిరిగి, రంగు మారిన మట్టి, గడ్డి మొలవని చోటు, పాతిన తొట్ల గుర్తులు చూతురు. ఊరివారిని విచారింతురు. ఇచ్చట పంచాయతీ చేయగల సాయము గొప్పది. మడ్డి ఏ మూల పోసిరో, రాత్రివేళ లారీలు ఎటు వెళ్ళెడివో, ఏ బావి నీరు ముందుగా మారినదో, ఏ పటమందును ఉండదు. అది ఆ కర్మాగారములో కూలిచేసిన వృద్ధుని జ్ఞాపకములో ఉండును.

రెండవ అంచెలో మట్టిని, నీటిని తీసి పరీక్షింతురు. పైమట్టి మాత్రమే తీసినచో చాలదు. వేరువేరు లోతులలో తీయవలెను. నీరు పారు దిశకు ఎగువనున్న బావినుండియు, దిగువనున్న బావులనుండియు నమూనాలు తీసి పోల్చవలెను. ఎగువ బావి మంచిదై దిగువ బావి చెడినచో దోషము నడుమనున్న స్థలముదని తేలును. నమూనాల సీసాలపై తేది, చోటు వ్రాసి ముద్రవేసి, ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపుగల ప్రయోగశాలకు పంపుదురు.

మూడవ అంచెలో ముప్పును నిర్ణయింతురు. విషమున్న చోటు, అది ప్రయాణించు త్రోవ, దానికి గురియగు మనుష్యులు, ఈ మూడును కలిసినప్పుడే హాని. నడుమ త్రోవను తెంపగలిగినచో ముప్పు తగ్గును. కావుననే నేలను ఎంతవరకు శుద్ధిచేయవలెనన్నది దానిని దేనికి వాడుకొందుమో దానినిబట్టి ఉండును. గిడ్డంగికి చాలిన శుద్ధి పిల్లలు ఆడుకొను బడి ఆవరణకు చాలదు.

ఒక హెచ్చరిక. సలహాదారునకు జీతమిచ్చినది ఎవరో విచారింపవలెను. స్థలమును వదలించుకొనగోరు యజమాని తెప్పించిన నివేదికను తీసికొనుడు. కాని దాని పైననే ఆధారపడరాదు. నమూనాలు ఎన్ని, ఏ లోతున తీసిరి, ఏయే పదార్థములకై పరీక్షించిరి అని అడుగుడు. వెదకని విషము నివేదికలో కనబడదు.

శుద్ధిచేయు పద్ధతులు

చెడిన నేలను బాగుచేయు పద్ధతులు పెక్కు కలవు. ఒక్కొక్క విషమునకు ఒక్కొక్కటి తగియుండును.

విషపు మట్టిని త్రవ్వి, ప్రమాదకర వ్యర్థములకై నిర్మించిన ప్రత్యేక స్థలమునకు తరలించుట ఒక పద్ధతి. అట్టి కేంద్రములు హైదరాబాదు సమీపమున దుండిగల్ నందును, విశాఖపట్నము సమీపమున పరవాడయందును కలవు. తరలింపు అనుమతి పొందిన వాహనములలోనే, చీటీల లెక్క ప్రకారము జరుగవలెను. లేనిచో ఒక ఊరి విషము మరియొక ఊరి గుంటలోనికి చేరును.

త్రవ్వుటకు వీలుకానిచో, నీరు ఇంకని బంకమట్టి పొరలతోను, ప్లాస్టిక్ పొరలతోను కప్పివేయుదురు. సిమెంటు, సున్నము కలిపి మట్టిని గట్టిపరచి విషము కదలకుండ బంధించుటయు కలదు. మట్టిని కడిగి విషమును వేరుచేయుట మరియొకటి. 2012లో ఒలింపిక్ క్రీడలు జరిగిన లండన్ నగరపు తూర్పుభాగమున పూర్వము పరిశ్రమలుండిన నేలలోని లక్షల టన్నుల మట్టిని అక్కడనే శుద్ధిచేసి తిరిగి వాడిరి. నేడు అది ఉద్యానవనము. కావున చెడిన నేల ఎన్నటికిని పనికిరాదని నిరాశపడనక్కరలేదు.

నూనెలు, పెట్రోలు కలిసిన మట్టిని సూక్ష్మజీవులచేత శుద్ధిచేయింపవచ్చును. లోహములను పీల్చుకొను మొక్కలు కూడ కలవు. ఆర్సెనిక్‌ను పీల్చు ఒక జాతి ఫెర్న్ మొక్క ఇందుకు ప్రసిద్ధము. ఈ పద్ధతి చౌకయే కాని సంవత్సరములు పట్టును. ఆ మొక్కలను పశువులు మేయకుండ కాపాడి, కోసినదానిని వ్యర్థముగనే చూడవలెను.

భూగర్భజలము చెడినచో పని మిక్కిలి కఠినము. నీటిని తోడి, శుద్ధిచేసి, మరల తోడుచు ఏండ్ల తరబడి సాగింపవలెను.

చట్టము చెప్పునది

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకై ప్రత్యేక నియమములను ప్రకటించెను. వీని ప్రకారము స్థానిక సంస్థగాని జిల్లా యంత్రాంగముగాని తమంతట తామైనను, ప్రజల ఫిర్యాదుపైనైనను అనుమానింపదగిన స్థలములను గుర్తించి, ఆరు నెలలకొక పర్యాయము జాబితాలో చేర్పవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 దినములలో ప్రాథమిక పరీక్ష జరుపవలెను. అనుమానము బలపడినచో మరి మూడు నెలలలో వివరమైన పరీక్ష జరుపవలెను. శుద్ధి ఖర్చు పాడుచేసినవానిదే. గనులు, అణుధార్మిక వ్యర్థములు, సాధారణ చెత్తకుప్పలు వేరు నియమముల క్రిందికి వచ్చును.

మునుపు గ్రామస్థులు కోర్టుకెక్కి సాధింపవలసిన దానికి ఇపుడు ఒక మార్గము ఏర్పడినది. కాని ఆ మార్గమున మొదటి అడుగు ఊరిదే. ఊరు చెప్పనిచో జిల్లాకు తెలియదు. జిల్లాకు తెలియనిచో మండలికి తెలియదు.

పంచాయతీ చేయవలసినవి

1. గ్రామ పరిధిలో ఇప్పుడున్నవి, మూతపడినవి, రసాయనములతో సంబంధమున్న అన్ని స్థలముల జాబితాను ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెను. వృద్ధుల మాటలను తేదీతో, సంతకముతో నమోదుచేయవలెను.

2. అనుమానమున్న స్థలమునుండి ఇంటి పునాదులకుగాని, రోడ్లకుగాని మట్టి తోలనీయరాదు. పశువులు, పిల్లలు పోకుండ కంచె వేయింపవలెను.

3. నీటి రంగు, వాసన మారినచో ఆ బావి నీటిని త్రాగుట వెంటనే ఆపించి, వేరు నీటికి ఏర్పాటు చేయవలెను. ఊరిలోని పరీక్షా పెట్టె ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యము వంటివానిని చూపును. సీసమును, ద్రావకములను చూపదు. పెట్టె పరీక్షలో బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు, ప్రయోగశాలకు పంపవలెను.

4. ఫిర్యాదులు నోటిమాటగా చేయరాదు. వ్రాతమూలకముగా పంపి, అందినట్లు రసీదు తీసికొనవలెను. బిచ్ఛరి వ్యాజ్యమున కోర్టుకు ఉపకరించినవి కాగితములే.

5. పరీక్షాఫలితములను గ్రామసభలో చదివి వినిపింపవలెను. భయమువలన దాచినచో వదంతులు పెరుగును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. యజమాని ఇచ్చెదనన్న నాలుగెకరములను కాదనవలెనా? కాదననక్కరలేదు, తొందరపడి ఔననను రాదు. భూమి పంచాయతీ పేర మారిన పిమ్మట పాడుచేసినవానిని వెదకి పట్టుకొనుట కష్టమగును. కావున ఈ విధముగా తీర్మానము చేయవచ్చును:

“ఫలానా సర్వే నంబరు స్థలమును గ్రామమునకు ఇచ్చెదనని యజమాని చేసిన ప్రతిపాదనను ఈ పంచాయతీ గమనించినది. ఆ స్థలమున పూర్వము జరిగిన తయారీ వివరములు, వ్యర్థముల లెక్క యజమాని వ్రాతమూలకముగా ఈయవలెను. మట్టి, నీరు పరీక్షింపుడని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని కోరుచున్నాము. ఫలితములు గ్రామసభ ముందుంచిన పిమ్మటనే స్వీకరణ విషయము ఆలోచింపబడును.”

ఈ నాలుగు వాక్యములకు పైకము ఖర్చు లేదు. స్థలము మంచిదని తేలినచో కొలది నెలల ఆలస్యమే నష్టము. చెడ్డదని తేలినచో, ఆ ఆవరణలో ఆడుకొనవలసియుండిన పిల్లలందరిని కాపాడినవారగుదురు.

చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ గ్రామమున మూతపడిన పరిశ్రమలు, గిడ్డంగులు ఎన్ని? వానిలో ఏమి ఉండెడివి?

2. గత అయిదేండ్లలో మీ ఊరి పల్లములను పూడ్చిన మట్టి ఎక్కడనుండి వచ్చినది?

3. మీ త్రాగునీటి బావికి ఎగువన ఏమున్నది?